ఆటలోని ఊరికి ప్రాణం పోయడం ఎలా? గేమ్ మాస్టర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడ మీద గదిలో ఆదివారం మధ్యాహ్నాలు మేం ఆరుగురం కూర్చుని రోల్ ప్లేయింగ్ గేమ్, అంటే ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మాట్లాడుతూ కథ సాగించే ఆట, ఆడతాం. ఒక టేబుల్, పాచికలు, కాగితాలు, ఫ్లాస్కులో టీ. గేమ్ మాస్టర్‌ని నేనే, అంటే కథ నడిపే పని నాది. ఆటంతా తెలుగులోనే. ఈమధ్య విజయవాడ నుంచి, తెనాలి నుంచి కొత్తగా ఆట నడపడం మొదలుపెట్టినవాళ్లు ఫోన్ చేస్తున్నారు. ఎటు తిప్పినా వాళ్ల బాధ ఒకటే: "మా ఆటలో మనుషులు బొమ్మల్లా ఉంటున్నారు." ఆ బాధ నేనూ పడ్డాను. నాకు పనికొచ్చిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

ఎన్‌పీసీ అంటే ఎవరు?

నాన్ ప్లేయర్ క్యారెక్టర్. ఆటగాళ్లు నడిపే పాత్రలు పోను మిగిలిన ప్రతి ఒక్కరూ. సత్రం నడిపే ఆవిడ, కోట కాపలావాడు, రాజుగారు, రాజుగారి వంటమనిషి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చిన నాటి నుంచి టేబుల్ ఆటల్లో వీళ్లందరి తరఫునా మాట్లాడేది గేమ్ మాస్టరే. కంప్యూటర్ ఆటలో ఆ పని ప్రోగ్రామ్ చేస్తుంది.

ఒక్కో ఎన్‌పీసీకి ఎంత కథ రాసుకోవాలి?

రెండు లైన్లు.

నేను మొదటిసారి ఆట నడిపినప్పుడు సత్రం యజమానురాలి కోసం నాలుగు పేజీలు రాసుకున్నాను. పుట్టిల్లు, మెట్టినిల్లు, చనిపోయిన కొడుకు, దాచిన నగలు, అన్నీ. ఆటగాళ్లు సత్రం గడప తొక్కలేదు. రేవులో బెల్లం బుట్టలు దించుతున్న కూలీతో మాట కలిపారు. "ఎక్కడి సరుకు బాబాయ్ ఇది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. "నాకు తెలీదయ్యా" అన్నాను. పక్కవాణ్ణి అడిగారు. అతనికీ తెలీదు. అలా సాయంత్రమయ్యేసరికి ఆ ఊళ్లో ఎవరికీ ఏమీ తెలీదని ఆటగాళ్లకు అర్థమైపోయింది. ఇక మాట్లాడటం మానేసి కత్తులు తీశారు. తప్పు వాళ్లది కాదు. మాట్లాడితే ఏమీ దొరకని ఊళ్లో ఎవరు మాత్రం ఎంతసేపు మాట్లాడతారు?

అప్పటి నుంచి ఒక్కో మనిషికి రెండే రెండు సంగతులు రాసుకుంటున్నాను. ఇప్పుడు ఏ పని మీద ఉన్నారు? ఆ పని ఎందుకు తెమలడం లేదు? "కోటయ్య, బండివాడు. చీకటి పడేలోపు రేవు దాటాలి, ఎద్దు కుంటుతోంది." ఇంతే. ఇక ఆటగాళ్లు కోటయ్యను ఏం అడిగినా జవాబు దానంతటదే వస్తుంది. దారి అడిగితే దగ్గరి దారి చెబుతాడు, తొందరలో ఉన్నాడు కాబట్టి. డబ్బిస్తామంటే పశువైద్యుడెవరైనా ఉన్నాడా అని అడుగుతాడు. రాజకీయం మాట్లాడితే రేవు సుంకం మీద తిట్లు మొదలెడతాడు. పుట్టుపూర్వోత్తరాలు తర్వాత ఎప్పుడైనా అవసరమైతే చూసుకోవచ్చు.

పని మీద ఉన్నంత మాత్రాన మనిషికి ప్రాణం ఎలా వస్తుంది?

ఒక్కసారి మార్చి నెలలో గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లి నిలబడి చూడండి. గేటు దాటకముందే ఘాటు గొంతులో దిగుతుంది, తుమ్ములు ఆగవు. హమాలీలు ముక్కుకి తువ్వాలు చుట్టుకుని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోస్తుంటారు. ఒక వ్యాపారి బస్తాలోంచి గుప్పెడు కాయలు తీస్తాడు. ఒకదాన్ని విరిచి చూస్తాడు, ఇంకోదాన్ని చెవి దగ్గర ఆడించి గింజ చప్పుడు వింటాడు. ఎంత ఎండింది, ఎంత తాలు కలిసింది అన్నది అతను తేల్చుకుంటున్నాడు. అతను రైతు ముఖం వైపు చూడడు. రైతు మాత్రం ఆ చేతివైపే చూస్తూ ఉంటాడు. ఏడాది కష్టం ఆ గుప్పిట్లో ఉంది మరి. మధ్యలో మీరు వెళ్లి కోల్డ్ స్టోరేజీకి దారెటు అని అడిగితే చెబుతారు. కానీ చెయ్యి ఆపరు.

నాకు కావలసింది ఆ చెయ్యి ఆగకపోవడమే. మనం రాకముందే వాళ్ల రోజు మొదలైంది, మనం వెళ్లాక కూడా సాగుతుంది. బొమ్మలాంటి ఎన్‌పీసీ ఆటగాళ్లు వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. వాళ్లు రాగానే తిరిగి చూసి "స్వాగతం" అంటాడు. అక్కడే ప్రాణం పోతుంది.

మా ఆటలో ఎర్రరేవు అని ఒక ఊరుంది. అక్కడ కల్లంలో కాయలు ఏరే శేషమ్మ అనే ఆవిడ దగ్గరికి ఆటగాళ్లు వచ్చారు. పన్నులు వసూలు చేసే మనిషి మాయమయ్యాడు, అతని కోసం వెతుకుతున్నారు. మా ఆటగాడు గంభీరంగా అడిగాడు: "అమ్మా, మొన్న రాత్రి ఇటువైపు ఎవరైనా వచ్చారా?" నేను అన్నాను: "ఆ పట్టా అటు చివర పట్టుకో నాయనా, మబ్బు పట్టింది."

అతను ఒక్క క్షణం ఆగి, నిజంగా పట్టా అంచు పట్టుకున్నట్టు చేతులు చాచాడు. మిగతావాళ్లు పరిగెత్తి రాళ్లు తెచ్చి అంచుల మీద పెట్టారు. కాయల మీద పట్టా లాగుతుంటే దాని చివర కట్టిన తాడు కొత్తగా కనబడింది, సర్కారు ముద్ర ఉన్న తాడు. "ఇదెక్కడిదమ్మా?" అన్నారు. కథ అక్కడ మలుపు తిరిగింది. ఆ తర్వాత చాలా వారాల పాటు, ఆటలో ఎప్పుడు వాన పడిందని నేను చెప్పినా ఎవరో ఒకరు అడిగేవాళ్లు: "శేషమ్మగారి కాయలు తడిసుంటాయా?" నేను గుర్తు చేయలేదు. వాళ్లకే గుర్తుంది.

నాకు నటన రాదు, గొంతులు మార్చడం రాదు. మరి?

రాకపోయినా ఫర్వాలేదు. తెలుగువాళ్ల చేతిలో అంతకంటే గట్టి పనిముట్టు ఉంది, మనమే దాన్ని సరిగ్గా వాడుకోవడం లేదు. నువ్వు, మీరు, తమరు, ఏరా, ఏమే, ఏమయ్యా, అబ్బాయ్, బాబూ. బాబాయ్, పిన్ని, అన్నా, అక్కా, తాతా. ఎవరు ఎవర్ని ఏమని పిలిచారో వింటే చాలు, వాళ్ల మధ్య ఏముందో మనకు తెలిసిపోతుంది. కాబట్టి కాగితం మీద ఎన్‌పీసీ పేరు పక్కనే ఇంకో ముక్క రాసుకోండి: ఒక్కో ఆటగాడి పాత్రను ఏమని పిలుస్తారో.

ఇక అసలు బలం ఆ పిలుపు మారినప్పుడు బయటపడుతుంది. ఎర్రరేవు ఠాణాదారు మొదటి నుంచీ మా నాయకుడి పాత్రను "ఏంరా" అనే పిలిచేవాడు. వాళ్లు ధాన్యపు కొట్టు తగలబడకుండా కాపాడిన మర్నాడు ఠాణాకి వెళితే, కుర్చీ జరిపి "రండి, కూర్చోండి" అన్నాడు. బిరుదులు, బంగారు నాణేలు ఇచ్చినప్పుడు రాని నిశ్శబ్దం ఆ రెండు మాటలకు వచ్చింది. దీన్ని తలకిందులు చేసినా పనిచేస్తుంది. చిన్నప్పటి నుంచి "ఒరే నాన్నా" అని పిలిచిన గురువుగారు, శిష్యుడు అబద్ధమాడాడని తెలిశాక "మీరు వెళ్లి రండి" అన్నారు. ఆ "మీరు"లోని కోపాన్ని తెలుగువాళ్లెవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

చేతుల్ని కూడా వాడుకోండి. పశువుల సంతలో బేరగాళ్లు చేతుల మీద తువ్వాలు కప్పి, లోపల వేళ్లు పట్టుకుని ధర మాట్లాడుకోవడం చూసే ఉంటారు. గుర్రం కొనే సన్నివేశంలో నేను టేబుల్ మీద తువ్వాలు పరిచి, ఆటగాడి చెయ్యి దాని కింద పెట్టమన్నాను. మూడు వేళ్లు పట్టుకున్నాడు. నేను తల అడ్డంగా ఊపి నాలుగు పట్టుకున్నాను. మిగతా నలుగురికీ ధర ఎంతో తెలీదు, మా ముఖాలే చూస్తున్నారు. నేను గొంతు మార్చలేదు. అసలు నోరే తెరవలేదు.

పేర్లు అప్పటికప్పుడు తట్టవు. ఏం చేయాలి?

ఆటకు ముందే ఇరవై పేర్లు రాసి పెట్టుకుని, వాడినది కొట్టేస్తూ వెళ్లండి. పేరు అడగగానే చెప్పగలగాలి. మీరు తడుముకున్నారంటే ఆ మనిషి ముఖ్యం కాదని ఆటగాడికి తెలిసిపోతుంది.

ఆ పేర్లలో ఊరు కనబడితే ఇంకా మంచిది. గుంటూరులో కాలే మస్తాన్ షావలీ దర్గా ఉంది, అందుకే ఇక్కడ హిందువుల ఇళ్లలోనూ మస్తాన్‌రావులు, మస్తానమ్మలు కనిపిస్తారు. నరసరావుపేట దగ్గర కోటప్పకొండ ఉంది, అందుకే కోటయ్యలు, కోటేశ్వరరావులు. మీ ఊహాలోకంలోనూ ఒక గుడినో కొండనో నదినో పెట్టి, ఊళ్లో పదిమందిలో ముగ్గురికి దాని పేరు పెట్టండి. ఆ కొండకి ఎంత మహిమ ఉందో మీరు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

ఆటగాళ్లు చేసిన పనులు ఊరు గుర్తుంచుకుంటున్నట్టు ఎలా చూపించాలి?

దీనికి ఒక నోటుబుక్కు కావాలి. ఆట అయిపోయి అందరూ చెప్పులేసుకుంటుండగానే నేను రాసుకుంటాను: ఎవరికి ఏం మాటిచ్చారు, ఎవరికి అప్పున్నారు, ఎవరి మనసు నొప్పించారు. ఇంటికెళ్లాక రాద్దామంటే సగం మర్చిపోతాం. వచ్చే ఆదివారం మొదటి అరగంటలోనే అందులోంచి ఒకటి ఎదురుపడేలా చూస్తాను. పెద్దదే కానక్కర్లేదు. కిందటి వారం దబాయించిన టీ కొట్టతను ఈసారి వీళ్లకి చివర్లో టీ పోస్తే చాలు.

వీడియో గేముల్లో దీన్ని బాగా చేసింది 2014లో వచ్చిన షాడో ఆఫ్ మోర్డార్. మీ చేతిలో కాలి, చచ్చిపోయాడనుకున్న ఓర్క్ (ఆటలో శత్రువులైన రాక్షసజాతి) నాయకుడు మచ్చలతో తిరిగొచ్చి ఆ సంగతి ఎత్తుతాడు. మిమ్మల్ని చంపినవాడికి పదవి పెరుగుతుంది. నెమెసిస్ అనే ఆ పద్ధతి మీద వార్నర్ బ్రదర్స్‌కి 2021లో అమెరికాలో పేటెంట్ కూడా వచ్చింది. టేబుల్ మీద మనకు ఆ పని నోటుబుక్కుతోనే అయిపోతుంది.

ఒక జాగ్రత్త. అందరికీ అన్నీ ఉన్నదున్నట్టు గుర్తుండకూడదు. మన ఊళ్లలో కబురు పది గడపలు దాటేసరికి ఏమవుతుందో మీకు తెలుసు. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు ఉంటారు, ఒకరు హాస్యం చెబుతారు, ఒకరు రాజకీయం చెబుతారు. గుంటూరు దగ్గర పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ ఈ కళను ఎంత ఎత్తుకి తీసుకెళ్లారో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. నేను ఆ ఇద్దరు వంతల్నీ మా ఊళ్లో రచ్చబండ మీద కూర్చోబెట్టాను. ఆటగాళ్లు చేసిన ప్రతి పనిని ఒకరు వెటకారం చేస్తారు, ఇంకొకరు దాని వెనక ఎవరి స్వార్థం ఉందో లెక్కలు తీస్తారు. ఇద్దరూ చెప్పేది సగమే నిజం. మా ఆటగాళ్లు ఊళ్లోకి రాగానే ముందు అక్కడికే వెళతారు.

ఆటగాళ్లు లేనిచోట ప్రపంచం కదులుతోందని ఎలా తెలియజేయాలి?

పండగలతో. కోటప్పకొండ తిరునాళ్ల చూడండి. శివరాత్రికి వారాల ముందే ఊరూరా ప్రభల (వెదుళ్లతో ఎత్తుగా కట్టి అలంకరించే కట్టడాల) పని మొదలవుతుంది. పక్క ఊరి ప్రభ ఎన్ని అడుగులట అని వాకబులు, చందాలు, పంతాలు. ఆటలో ఒక పండగ పెట్టండి, ప్రతి సెషన్‌లోనూ ఆ పని కొంచెం ముందుకు జరిగినట్టు చూపించండి. మొదటి వారం వెదుళ్లు దిగాయి, రెండో వారం చందా విషయంలో గొడవ. ఆటగాళ్లు నెల తర్వాత తిరిగొస్తే ప్రభ నిలబడి ఉంటుంది, లేదా గొడవ ముదిరి సగంలో ఆగిపోయి ఉంటుంది.

లెక్కగా చేయాలనుకుంటే జాన్ హార్పర్ 2017లో తెచ్చిన బ్లేడ్స్ ఇన్ ది డార్క్ ఆటలోని గడియారాలు మంచి పద్ధతి. ఒక గుండ్రం గీసి నాలుగో, ఆరో, ఎనిమిదో ముక్కలు చేస్తారు. పని సాగిన కొద్దీ ముక్కలు నింపుతారు, నిండితే ఆ సంగతి జరిగిపోతుంది. రెండు మూడు గడియారాలు చాలు. నేను ఒకసారి తొమ్మిది పెట్టుకుని, ఏది ఎంతవరకు వచ్చిందో తెలియక సెషన్ అంతా టెన్షన్ పడ్డాను.

ఊరి చరిత్ర చెప్పబోతే ఆటగాళ్లు ఫోన్లు తీస్తున్నారు.

చెప్పకండి, చూపించండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగిపోయింది. జనం రోజుల తరబడి పై అంతస్తుల్లో, మేడల మీద గడిపారు. నీళ్లు తీశాక గోడల మీద ఒక మట్టి గీత మిగిలింది. ఇంటి బయట ఎండకి ఆరబెట్టిన పరుపులు, పిల్లల పుస్తకాలు. ఆ వీధిలో నడిచినవాళ్లకు ఏం జరిగిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ గీత తన తల కంటే ఎంత ఎత్తులో ఉందో ఎవరికి వాళ్లే చూసుకున్నారు.

మీ ఊళ్లోనూ అలాంటి గీత ఒకటి పెట్టండి. కొత్తగా కట్టిన ఇళ్లన్నీ ఎత్తు అరుగుల మీదే ఉన్నాయని చెప్పి ఊరుకోండి. ఎందుకని ఆటగాళ్లే అడుగుతారు. అడిగి తెలుసుకున్నది వాళ్లకి గుర్తుంటుంది.

ఎన్‌పీసీ ఎలా స్పందించాలో పాచిక వేసి తేల్చడం సబబేనా?

కొత్తవాళ్లు ఎదురైనప్పుడు సబబే. పాత డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో రెండు పాచికలు కలిపి వేసేవాళ్లు: రెండు పడితే కత్తి దూస్తారు, పన్నెండు పడితే స్నేహంగా ఉంటారు. ఆ రెండూ 36 సార్లకి ఒక్కోసారే. ఆరు, ఏడు, ఎనిమిది కలిపి 16 సార్లు, అంటే సగానికి కాస్త తక్కువసార్లు ఎదుటివాళ్లు ఎటూ తేల్చుకోని స్థితిలో ఉంటారు. కొత్త మనిషిని చూసినప్పుడు మనమూ అంతే కదా. కానీ నోటుబుక్కులో పేరున్న మనిషికి పాచిక వేయకండి. ఆ మనసు అప్పటికే తేలిపోయింది.

మేం ఇంజనీరింగ్ స్టూడెంట్లం, వీడియో గేమ్ చేస్తున్నాం. ప్రతి ఎన్‌పీసీకి దినచర్య పెట్టాలా?

పెట్టొచ్చు, కొత్త సంగతేమీ కాదు. 1988 నాటి అల్టిమా 5లోనే ఊరి జనం పగలు పనికి వెళ్లి రాత్రి మంచం ఎక్కేవాళ్లు. 2000లో వచ్చిన మేజోరాస్ మాస్క్‌లో మూడే రోజులు మళ్లీ మళ్లీ తిరుగుతాయి, ఎవరు ఏ గంటకు ఎక్కడుంటారో రాసుకోవడానికి ఆటలోనే ఒక పుస్తకం ఇస్తారు.

అయితే దినచర్య సాగుతున్నంతసేపూ ఆటగాడు దాన్ని గమనించడు, తప్పినప్పుడే గమనిస్తాడు. రోజూ ఆరింటికి తీసే కొట్టు ఇవాళ మూసి ఉందంటే ఆగి చూస్తాడు. చిన్న టీమ్ అయితే రెండు వందల మందికి దినచర్య రాసే బదులు పన్నెండు మందికి రాసి, ఒక్కొక్కరికీ అది తప్పే సందర్భం ఒకటి పెట్టండి. వాన, సంత రోజు, ఇంట్లో చావు, బిడ్డ పెళ్లి. ఇంకొకటి: దారిన పోతుంటే ఎన్‌పీసీలు అనే ముక్కలు. ఒకే మాట మూడోసారి వినబడితే బొమ్మ అని తెలిసిపోతుంది. మిగతావన్నీ అయ్యేదాకా అన్న మాట మళ్లీ రాకుండా కోడ్ రాయండి, చిన్న పనే.

ఏఐ పెడితే ఎన్‌పీసీలు వాటంతటవే మాట్లాడతాయి కదా?

మాట్లాడటం వేరు, బతకడం వేరు. 2023లో స్టాన్‌ఫోర్డ్, గూగుల్ పరిశోధకులు చిన్న ఊరొకటి చేసి అందులో ఏఐతో నడిచే 25 పాత్రల్ని వదిలారు. జరిగినవి దాచుకునే జ్ఞాపకం, వాటి నుంచి నిర్ణయాలకు రావడం, రోజు పనులు వేసుకోవడం ఇచ్చారు. ఒక పాత్రకు వాలెంటైన్స్ డే పార్టీ ఇవ్వాలన్న కోరిక పెడితే, ఆ కబురు నోటి మాటగా పాకి 12 మందికి పిలుపు అందింది. వచ్చింది 5 గురు. నాకు అందులో బాగా నచ్చింది రానివాళ్ల సంగతి. వాళ్లలో కొందరు వేరే పని ఉందన్నారు. అంత యంత్రాంగం పెట్టాక మనుషుల్లా అనిపించింది "నాకు పనుంది" అన్నప్పుడే. జ్ఞాపకం, పని లేకుండా తియ్యగా మాట్లాడే ఏఐ పెడితే, చేతులు కట్టుకున్న ఆ బొమ్మే ఇంకాస్త ఎక్కువ మాట్లాడుతుంది.

మన సమాజంలాగే ఆటలోనూ కులాలు, మతాలు పెట్టాలా?

మా టేబుల్ దగ్గర నిజమైన కులాల పేర్లు రావు. రకరకాల ఇళ్ల నుంచి వచ్చి కూర్చుంటాం, ఎవరికీ అక్కడ చివుక్కుమనకూడదు. ఎక్కువ తక్కువలు మాత్రం ఉంటాయి: బావి దగ్గర ఎవరు ఆగాలి, పంచాయతీలో ఎవరు నిలబడి మాట్లాడాలి. ఎంతవరకు వెళ్లాలన్నది మొదటి ఆదివారమే అందరూ కూర్చుని మాట్లాడుకోండి.

మావాళ్లు కనబడ్డ ఎన్‌పీసీనల్లా చంపేస్తున్నారు. శిక్ష వేయాలా?

శిక్ష వద్దు. సైన్యాన్ని పంపితే దాంతోనూ యుద్ధమే చేస్తారు. చనిపోయిన మనిషికి ఇల్లుందని చూపించండి.

మా వాళ్లు ఒకసారి తొందరగా కోటలోకి వెళ్లాలని గేటు కాపలావాణ్ణి చంపేశారు. నాకు ముందే రాసుకున్న రెండు లైన్లున్నాయి: "అప్పన్న. మధ్యాహ్నం క్యారేజీ కోసం చూస్తున్నాడు, కూతురు ఇంకా రాలేదు." వాళ్లు శవాన్ని పక్కకు లాగారు. ఒకరు అతని టోపీ పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. నేను ఏమీ అనలేదు. కాసేపటికి ఎనిమిదేళ్ల పిల్ల క్యారేజీ పట్టుకుని ఎండలో నడుచుకుంటూ వచ్చింది. టోపీ వైపు చూసింది. "మా నాన్న ఏడండీ? ఇవాళ పప్పుచారు, చల్లారిపోతుంది."

టోపీ పెట్టుకున్న ఆటగాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి క్యారేజీ అందుకుని, "పని మీద వెళ్లాడమ్మా" అన్నాడు. ఆ తర్వాత మూడు ఆదివారాలు ఆ పిల్ల ఇల్లు కనుక్కోవడం, వాళ్లమ్మకి ఎలా చెప్పాలో తేల్చుకోవడంలోనే గడిచాయి. కోట కోసం నేను రాసుకున్న కథ పక్కకెళ్లిపోయింది. దాన్ని మళ్లీ తీయలేదు.